మంచు కొండల్లో అద్దె బండి: టైర్ల గురించి తరచుగా అడిగే ప్రశ్నలు

చలికాలంలో కొండలకు వెళ్దామని కారు అద్దెకు తీసుకునేవాళ్లు సీట్లెన్ని, డిక్కీలో సూట్‌కేసులు పడతాయా, ఆటోమేటిక్కా కాదా అని చూస్తారు. టైర్ల సంగతి చాలామందికి తట్టదు. మొదటిసారి నాకూ తట్టలేదు. మంచు రోడ్డు మీద బండిని పట్టి ఉంచేది మాత్రం ఆ నాలుగు టైర్లే. ఒక్కో టైరు నేలను తాకే చోటు మన అరచెయ్యంత ఉంటుంది, అంతే.

ఫోర్ వీల్ డ్రైవ్ తీసుకుంటే సరిపోదా?

సరిపోదు. నన్ను ఎక్కువమంది అడిగేది ఇదే, ఎక్కువమంది పొరబడేదీ ఇక్కడే. ఇంజిన్ బలం నాలుగు చక్రాలకూ అందితే బండి సులువుగా కదులుతుంది, ఎత్తు ఎక్కుతుంది. ఆగడానికి అది పనికిరాదు. బ్రేకులు ఏ కారుకైనా నాలుగు చక్రాలకూ ఉంటాయి. బ్రేకు తొక్కాక బండి ఎక్కడ ఆగుతుందనేది టైరుకు రోడ్డు మీద ఎంత పట్టుందన్న దాన్ని బట్టే ఉంటుంది. మలుపు తిరగడమూ అంతే.

నా విషయమే చెప్తాను. పెద్ద ఎస్‌యూవీ, ఆల్ వీల్ డ్రైవ్ అని ధీమాగా తీసుకున్నాను. ఎక్కేటప్పుడు ఎంత బాగా వెళ్లిందంటే, పక్కన చిన్న కార్లు చక్రాలు గిర్రున తిప్పుకుంటూ ఆగిపోతుంటే లోపల కాస్త గర్వం కూడా వేసింది. మర్నాడు పొద్దున్న దిగుతుంటే అసలు సంగతి తెలిసింది. హెయిర్‌పిన్ మలుపు ముందు వేగం ఇరవైకి మించి లేదు. బ్రేకు మీద కాలు పెట్టాను. కాలి కింద ఏబీఎస్ (బ్రేకు వేసినప్పుడు చక్రాలు బిగుసుకోకుండా చూసే ఏర్పాటు) టకటకా కొట్టుకుంటోంది, స్టీరింగ్ పూర్తిగా తిప్పి ఉంది, బండి మాత్రం తిన్నగా జారిపోతూనే ఉంది. రోడ్డు అంచున మంచు తోసి పెట్టిన గుట్ట ఉండబట్టి దాంట్లో కూరుకుని ఆగింది. దిగి టైరు చూస్తే గాళ్లు దాదాపు అరిగిపోయి ఉన్నాయి. బండి ఇచ్చిన కంపెనీని తప్పు పట్టొచ్చు, కానీ తీసుకునే ముందు ఒక్క నిమిషం వంగి చూడనిది నేనే.

రెండిట్లో ఒకటే దొరుకుతుందంటే, మంచి వింటర్ టైర్లున్న మామూలు ఫ్రంట్ వీల్ డ్రైవ్ కారు తీసుకోండి. అరిగిన టైర్లున్న ఫోర్ వీల్ డ్రైవ్ వద్దు. రెండూ ఉన్న బండి దొరికితే ఇంకేం కావాలి.

వింటర్ టైరుకీ మామూలు టైరుకీ తేడా ఏమిటి?

రబ్బరు ఒకటి, దాని మీది గాట్లు ఒకటి. వేసవి టైరు రబ్బరు చలికి బిగుసుకుపోతుంది. దాదాపు 7 డిగ్రీల సెల్సియస్ కంటే దిగువన దాని పట్టు తగ్గడం మొదలవుతుందని టైర్లవాళ్లు చెప్తారు. అంటే మంచు పడకపోయినా, చల్లటి తడి రోడ్డు మీద కూడా తేడా తెలుస్తుంది. వింటర్ టైరు రబ్బరు మిశ్రమమే వేరు, గడ్డకట్టే చలిలో కూడా మెత్తగా ఉంటుంది.

రెండోది, టైరు మీది రబ్బరు దిమ్మెలను దగ్గరగా చూస్తే బ్లేడుతో కోసినట్టు వందల కొద్దీ సన్నటి గీతలు కనిపిస్తాయి. టైరు దొర్లేటప్పుడు అవి తెరుచుకుని, ఒక్కో అంచూ మంచును గీరి పట్టుకుంటుంది. పెద్ద గాళ్లలో మంచు ఇరుక్కుంటుంది. టైరులో మంచు ఇరుక్కుంటే జారిపోతుందేమో అని చాలామంది అనుమానం. నిజానికి జరిగేది ఉల్టా. మంచు ముద్దను ముద్ద పట్టుకున్నట్టు, గాళ్లలో ఇరుక్కున్న మంచు రోడ్డు మీది మంచును పట్టుకుంటుంది. అందుకే గాళ్ల లోతు తగ్గితే వింటర్ టైరు కూడా పేరుకే వింటర్ టైరు.

కౌంటర్లో "ఆల్ సీజన్ టైర్లున్నాయి, ఏం ఫర్వాలేదు" అన్నారు. నమ్మొచ్చా?

టైరు పక్కగోడ మీద ఏ గుర్తుందో చూశాకే నమ్మండి. రెండు గుర్తులుంటాయి, రెండూ ఒకటి కావు.

మొదటిది "ఎం ప్లస్ ఎస్" (M+S) అక్షరాలు, అంటే బురద, మంచు అని. ఇది గాళ్ల ఆకారాన్ని బట్టి తయారీదారు తనంతట తాను వేసుకునే ముద్ర. మంచు మీద నడిపి చూసి ఇచ్చింది కాదు. రెండోది మూడు శిఖరాల కొండ బొమ్మ, దాని మధ్యలో ఒక మంచు రేకు. ఇది ఉందంటే ఆ టైరును గట్టిపడిన మంచు మీద ఒక ప్రామాణిక టైరుతో పోల్చి పరీక్షించారని, అందులో అది నెగ్గిందని అర్థం. కొన్ని ఆల్ సీజన్ టైర్లకూ ఈ బొమ్మ ఉంటుంది. అవి మధ్యరకం. ఓ మోస్తరు మంచుకు పనికొస్తాయి, వారం రోజుల పాటు ఎత్తైన కనుమల్లో తిరగడానికైతే అసలైన వింటర్ టైర్లంత కాదు.

ఒక హెచ్చరిక: ఆ పరీక్ష మంచు మీద చేసింది. అద్దంలా గడ్డకట్టిన ఐస్ మీద కాదు. కొండ బొమ్మ ఉంది కదా అని ఐస్ మీద ధీమా వద్దు.

బండి తాళం తీసుకునే ముందు టైర్లను ఎలా చూడాలి?

అయిదు నిమిషాల పని. అద్దె కార్ల పార్కింగ్ చాలాచోట్ల చీకటిగా ఉంటుంది కాబట్టి ఫోన్ టార్చ్ వేసుకుని ఒక చక్రం పక్కన గొంతుకూర్చోండి.

ముందు కొండ బొమ్మ కోసం పక్కగోడ చుట్టూ చూడండి. నల్ల రబ్బరు మీద నల్లగానే ఉబ్బెత్తుగా ఉంటుంది, తిన్నగా చూస్తే కనపడదు. టార్చ్‌ని పక్క నుంచి ఏటవాలుగా కొడితే నీడ పడి తేలుతుంది. తర్వాత డీఓటీ అని మొదలయ్యే వరుసలో చివరి నాలుగు అంకెలు. 3922 అని ఉంటే 2022లో 39వ వారం తయారైందని. కొన్ని టైర్లకు ఈ అంకెలు ఒక పక్కే ఉంటాయి. అవి లోపలి వైపుకి పోతే కనపడవు, కంగారు పడక్కర్లేదు. రబ్బరు పాతబడేకొద్దీ గట్టిపడుతుంది. ఆరేళ్లు దాటిన వింటర్ టైరంటే నేను వేరే బండి అడుగుతాను.

ఇక గాళ్ల లోతు. గాడి అడుగున అక్కడక్కడా చిన్న రబ్బరు గట్లు ఉంటాయి. సాధారణంగా అవి 1.6 మిల్లీమీటర్ల ఎత్తు. టైరు అరిగి ఆ గట్లతో సమానమైందంటే దాని పని అయిపోయినట్టే. చాలా దేశాల్లో చట్టం ఒప్పుకునే కనీస లోతు అదే. మంచుకు అది ఏ మూలకూ చాలదు, కనీసం 4 మిల్లీమీటర్లు ఉండాలి. కొన్ని వింటర్ టైర్లలో 4 దగ్గర ఇంకో గట్టు కూడా ఇస్తారు. లోతు కొలిచే చిన్న గేజ్ జేబులో పట్టేంతే ఉంటుంది, నేను ఇప్పుడు దాన్ని పాస్‌పోర్ట్ పౌచ్‌లోనే పెట్టుకుంటాను. ఇంట్లో వాళ్లు నవ్వుతారు, నవ్వనీ.

ఒక్క టైరు చూసి లేచిపోకండి, నాలుగూ చూడండి. ముందు రెండు వింటర్, వెనక రెండు మామూలువి ఉన్న బండిని అస్సలు తీసుకోవద్దు. ముందు పట్టు దొరికి వెనక దొరకకపోతే, దిగుడులో బ్రేకు వేసినప్పుడు బండి వెనక భాగం తిరిగి ముందుకొచ్చేస్తుంది.

ఆన్‌లైన్‌లో బుక్ చేసేటప్పుడు వింటర్ టైర్లు ఖాయం చేసుకోవడం ఎలా?

మీరు బుక్ చేసేది ఒక తరగతి బండిని, ఫోటోలో ఉన్న బండిని కాదు. "లేదా దానికి సమానమైనది" అన్న చిన్న అక్షరాలు దాదాపు ప్రతి బుకింగ్‌లోనూ ఉంటాయి. ఆ సమానం అనేది సీట్లకు, సైజుకే, టైర్లకు వర్తించదు.

వింటర్ టైర్ల ఆప్షన్ విడిగా ఉంటే బుకింగ్‌లోనే టిక్ పెట్టండి, రోజుకి ఇంత అని అదనంగా వేసినా సరే. అక్కడే "రిక్వెస్ట్ మాత్రమే" అని రాసి ఉంటే అది ఖాయం కాదన్నమాట. కాల్ సెంటర్‌కి కాకుండా, బండి తీసుకునే బ్రాంచికే ఫోన్ చేసి మాట్లాడండి. "వింటర్ టైర్లున్నాయా?" అని అడిగితే ఎవరైనా ఉన్నాయనే అంటారు. "కొండ, మంచు రేకు బొమ్మ ఉన్న టైర్లు నాలుగింటికీ ఉన్నాయా?" అని అడగండి. తెలిసినవాళ్లు తిన్నగా జవాబిస్తారు, తెలియనివాళ్లు తడుముకుంటారు. ఉన్నాయన్నాక అదే మాట ఈమెయిల్‌లో పంపమనండి. కౌంటర్ దగ్గర పనికొచ్చేది ఆ ఈమెయిలే.

ఇంకో ఉపాయం, ఎక్కడ తీసుకుంటున్నామన్నది కూడా చూసుకోవాలి. మంచే పడని మైదానంలోని పెద్ద ఎయిర్‌పోర్టులో కంటే, కొండల అంచున ఉన్న ఊళ్లో వింటర్ టైర్లున్న బండి దొరికే అవకాశం ఎక్కువ. రైల్లోనో బస్సులోనో అక్కడిదాకా వెళ్లి అక్కడ బండి తీసుకోవడం చాలాసార్లు తెలివైన పని.

చట్టం ఏమంటుంది? వింటర్ టైర్లు లేకపోతే ఫైన్ వేస్తారా?

ఒక్కో చోట ఒక్కో రూలు. బండి మీది కాకపోయినా, నడిపేది మీరే కాబట్టి చాలాచోట్ల జవాబుదారీ మీదే.

జర్మనీలో తేదీలు లేవు, రోడ్డు మీద మంచో ఐసో ఉంటే వింటర్ టైర్లు ఉండాల్సిందే. 2024 అక్టోబర్ నుంచి అక్కడ ఉత్త ఎం ప్లస్ ఎస్ ముద్ర చెల్లదు, కొండ బొమ్మ ఉండాలి. ఆస్ట్రియాలో నవంబర్ 1 నుంచి ఏప్రిల్ 15 దాకా, చలికాలపు రోడ్డు పరిస్థితులుంటే వింటర్ టైర్లు తప్పనిసరి, లోతు కనీసం 4 మిల్లీమీటర్లు. ఫ్రాన్స్‌లో బోర్డులు పెట్టిన కొండ ప్రాంతాల్లో నవంబర్ 1 నుంచి మార్చి 31 వరకు వింటర్ టైర్లయినా ఉండాలి, బండిలో చైన్లయినా (టైరు చుట్టూ తొడిగే గొలుసులు) ఉండాలి. కెనడాలోని క్విబెక్‌లో డిసెంబర్ 1 నుంచి మార్చి 15 వరకు వింటర్ టైర్లు తప్పనిసరి, అక్కడ అద్దెకిచ్చే కార్లకూ అదే రూలు. కెనడాలోనే ఉన్న బ్రిటిష్ కొలంబియాలో చాలా కొండ మార్గాల్లో అక్టోబర్ 1 నుంచి ఏప్రిల్ 30 దాకా. అక్కడ ఎం ప్లస్ ఎస్ కూడా చెల్లుతుంది, లోతు 3.5 మిల్లీమీటర్లు ఉండాలి.

అమెరికాలో రాష్ట్రాన్ని బట్టి. కొలరాడోలో ఐ-70 హైవే మీద డాట్‌సెరో నుంచి మోరిసన్ వరకు సెప్టెంబర్ 1 నుంచి మే 31 దాకా ట్రాక్షన్ లా (టైరు పట్టు గురించిన చట్టం) అమల్లో ఉంటుంది. టైరు లోతు అంగుళంలో పదహారింట మూడు వంతులు, అంటే దాదాపు 4.8 మిల్లీమీటర్లు ఉండాలి. కాలిఫోర్నియాలో చైన్ల రూలుకు ఆర్1, ఆర్2, ఆర్3 అని మూడు మెట్లున్నాయి. ఆర్2 అంటే నాలుగు చక్రాలకూ స్నో టైర్లున్న ఫోర్ వీల్ డ్రైవ్ బండ్లకు తప్ప అందరూ చైన్లు వేసుకోవాలి. ఆర్3 అంటే ఎవరికీ మినహాయింపు లేదు.

రూల్స్ మారుతుంటాయి. బయల్దేరే ముందు ఆ ప్రాంతపు రోడ్ల శాఖ సైట్ ఒకసారి చూసుకోండి.

చైన్లు కూడా తీసుకెళ్లాలా? అద్దె బండికి వేయొచ్చా?

రెండో ప్రశ్నకు ముందు జవాబు: అగ్రిమెంట్ చదవండి. చైన్లు వేయకూడదని రాసే కంపెనీలు అమెరికాలో చాలా ఉన్నాయి. యూరప్‌లో కొన్ని కంపెనీలు తామే చైన్లు అద్దెకిస్తాయి. ఒక పక్క చైన్లు తప్పనిసరి అని రోడ్డు మీద బోర్డు, మరోపక్క వేయొద్దని అగ్రిమెంట్. ఇలాంటి ఇరుకులో పడ్డవాళ్లు చాలామందే ఉన్నారు. ఆర్3 లాంటి మినహాయింపు లేని చోట్ల తప్ప, దాన్ని దాటే దారి వింటర్ టైర్లతో ఫోర్ వీల్ డ్రైవ్ తీసుకోవడం, లేదా ఆ కంపెనీ వద్దనుకోవడం. టైరుకు సాక్సులా తొడిగే గుడ్డ తొడుగులు కూడా దొరుకుతాయి. వాటికి కొన్నిచోట్ల చట్టం ఒప్పుకుంటుంది, కంపెనీలు కూడా అంత అభ్యంతరం పెట్టకపోవచ్చు. మంచు లేని తారు రోడ్డు మీద నడిపితే మాత్రం కొద్ది కిలోమీటర్లకే చిరిగిపోతాయి.

వేయొచ్చంటే సైజు చూసి తీసుకోండి. టైరు మీద 225/65 ఆర్17 లాంటి అంకెలుంటాయి. మొదటిది మిల్లీమీటర్లలో వెడల్పు, రెండోది వెడల్పులో ఎంత శాతం ఎత్తు, చివరిది రిమ్ము అంగుళాల్లో. ఈ మూడూ చైన్ల పెట్టె మీద ఉన్న పట్టికలో ఉండాలి. కొన్ని కార్లలో టైరుకీ సస్పెన్షన్‌కీ మధ్య సందు చాలక చైన్లు పట్టవు. ఆ సంగతి కారు మాన్యువల్‌లో ఉంటుంది, గ్లవ్‌బాక్స్ తెరిచి చూసుకోండి.

చైన్లు ఇంజిన్ తిప్పే చక్రాలకే వేయాలి. చాలా మామూలు కార్లలో అవి ముందువి. ఫోర్ వీల్ డ్రైవ్ అయితే మాన్యువల్ చెప్పినట్టు. వేశాక వందా రెండొందల మీటర్లు నడిపి, ఆపి, మళ్లీ బిగించండి. వదులైన గొలుసు మడ్‌గార్డ్ లోపలి భాగాన్ని చీల్చేస్తుంది, ఆ బిల్లు మీకే వస్తుంది. వేగం గంటకు 50 కిలోమీటర్లు దాటకూడదు. మంచు లేని రోడ్డు రాగానే తీసేయండి.

ఒక్కసారి పొడి నేల మీద వేసి చూసుకుని బయల్దేరండి. చీకట్లో, మంచు పడుతుండగా, గ్లవ్స్ తీసి చేతులు కొంకర్లు పోతుండగా, పక్క నుంచి లారీలు వెళ్తుండగా మొదటిసారి ఆ చిక్కుముడి విప్పడం ఎవరికీ వద్దు.

స్టడ్స్ ఉన్న టైర్లు మేలు కదా?

ఐస్ మీద మేలే. స్టడ్స్ అంటే టైరులో దిగ్గొట్టిన లోహపు మేకులు; అవి రోడ్డును పాడు చేస్తాయని జర్మనీలాంటి చోట్ల నిషేధం. నార్డిక్ దేశాల్లో మామూలే. అద్దె బండికి వాటిని ప్రత్యేకంగా అడిగే పని లేదు, అవసరమైన చోట వాళ్లే వేసి ఇస్తారు.

టైర్లలో గాలి ఎంత ఉండాలి?

చాలా కార్లలో డ్రైవర్ తలుపు తెరిస్తే దాని చట్రం మీద స్టిక్కర్ ఉంటుంది, అందులో ఉన్నంత. చలికి గాలి ఒత్తిడి పడిపోతుందని మాత్రం గుర్తుంచుకోండి. దాదాపు ప్రతి అయిదున్నర డిగ్రీలకు 1 పీఎస్‌ఐ (గాలి ఒత్తిడి కొలత) చొప్పున తగ్గుతుంది. 20 డిగ్రీల వెచ్చని అండర్‌గ్రౌండ్ పార్కింగ్‌లో 33 ఉన్న టైరు, మైనస్ 10లో రాత్రంతా నిలబడితే 28కి దగ్గరగా వస్తుంది. పొద్దున్నే డాష్‌బోర్డు మీద పసుపు లైటు వెలిగి టెన్షన్ పెట్టేది ఇందుకే. అది పంక్చరా, చలా అన్నది నాలుగు టైర్లూ చూస్తే తెలిసిపోతుంది. అన్నీ ఒకేలా తగ్గితే చలి, ఒక్కటే తగ్గితే పంక్చర్. గాలి బండి నడవకముందే, టైరు చల్లగా ఉన్నప్పుడే కొట్టించాలి. మంచులో పట్టు పెరుగుతుందని గాలి తగ్గించే పాత అలవాటు రోడ్డు మీద వద్దు.

స్టెప్నీ సంగతి?

డిక్కీ మ్యాట్ ఎత్తి చూడండి. చాలా కార్లలో స్టెప్నీ ఉండదు, పంక్చర్ కిట్ డబ్బా ఉంటుంది. ఉన్నా సన్నటి తాత్కాలిక చక్రం కావచ్చు. ఫ్రంట్ వీల్ డ్రైవ్‌లో ముందు చక్రం పోతే ఆ సన్న చక్రాన్ని ముందు బిగించకండి. వెనక నుంచి మంచి చక్రం తీసి ముందుకు వేసి, సన్నదాన్ని వెనక వేయండి. రెండింతల పని, కానీ లాగే చక్రాలకు వింటర్ టైర్లు మిగులుతాయి. అప్పుడు కూడా దగ్గర్లోని టైర్ల షాపు దాకానే, అదీ మెల్లగా.

ఇన్సూరెన్స్ తీసుకుంటే టైర్లు, అద్దాలు అన్నీ కవర్ అవుతాయా?

మామూలు డ్యామేజ్ కవర్‌లో టైర్లు, రిమ్ములు, అద్దాలు, బండి అడుగు భాగం చాలాసార్లు ఉండవు. మంచు రోడ్ల మీద దెబ్బ తగిలేవి సరిగ్గా అవే. రోడ్డు మీద చల్లిన కంకర ఎగిరి ముందద్దానికి తగలడం రోజూ జరిగేదే. మూసేసిన రోడ్డులో వెళ్లినా, వద్దన్న చోట చైన్లు వేసినా కవర్ మొత్తానికే ఎసరు రావచ్చు. మంచులో ఇరుక్కుంటే టో ఖర్చు ఎవరిదన్నదీ అడగండి, మీదే అన్న జవాబు రావడం మామూలే.

వింటర్ టైర్లున్నాయి కదా, మామూలు వేగంతో వెళ్లొచ్చా?

లెక్క చూడండి. గంటకు 50 కిలోమీటర్ల వేగంలో బ్రేకు నొక్కాక పొడి రోడ్డు మీద సుమారు 12, 14 మీటర్లలో బండి ఆగుతుంది. గట్టిపడిన మంచు మీద పట్టు అందులో నాలుగో వంతుకు పడిపోతే దూరం నాలుగింతలై 50 మీటర్లవుతుంది. ఐస్ మీద 100 మీటర్ల దాకా పోవచ్చు. ఇది ఉత్త బ్రేకు దూరమే, మీరు చూసి కాలు పెట్టేలోగా పోయే దూరం అదనం. మంచి టైరు ఈ అంకెలను తగ్గిస్తుంది, పొడి రోడ్డును మాత్రం తెచ్చివ్వదు.

దిగుడులో బ్రేకు మీదే ఆధారపడకుండా తక్కువ గేర్లో దిగండి. ఆటోమేటిక్‌లో కూడా మాన్యువల్ మోడో, ఎల్ గుర్తో ఉంటుంది. మలుపు లోపల కాదు, మలుపు రాకముందే వేగం తగ్గించుకోండి. వంతెనలు, ఎండ తగలని మలుపులు ముందుగా గడ్డకడతాయి. తడిగా మెరుస్తూ కనిపిస్తున్న రోడ్డు మీద ముందు బండి చక్రాల నుంచి నీటి తుంపర లేవట్లేదంటే అది తడి కాదు, ఐస్. ఇంకో సంగతి, సున్నా డిగ్రీల దగ్గర కరుగుతున్న ఐస్, మైనస్ 15లోని ఐస్ కంటే ఎక్కువ జారుతుంది. "ఇవాళ చలి తగ్గింది" అని సంబరపడే రోజే ఎక్కువ జాగ్రత్త కావాలి.

టైర్లు కాక ఇంకేం చూసుకోవాలి?

వైపర్ల నీళ్లు. అద్దె బండిలో మామూలు నీళ్లు పోసి ఉండొచ్చు. ముందు లారీ చిమ్మిన ఉప్పు బురద అద్దం మీద పడి, మీరు బటన్ నొక్కితే ఆ నీళ్లు అద్దం మీదే గడ్డకట్టి ఏమీ కనపడకుండా చేస్తాయి. గడ్డకట్టని వాషర్ ద్రవం పోయించుకోండి. మంచు గీకే స్క్రేపర్, బ్రష్ బండిలో ఉన్నాయో లేదో చూడండి, లేకపోతే అడిగి తీసుకోండి.

డీజిల్ బండి అయితే మైదానంలో ట్యాంక్ నింపుకుని కొండెక్కకండి. చలికి డీజిల్‌లోని మైనం గడ్డకట్టి ఫిల్టర్ మూసుకుపోతుంది. కొండ ప్రాంతపు బంకుల్లో శీతాకాలపు డీజిల్ అమ్ముతారు, అక్కడికి చేరాక నింపుకోవాలి. ఎలక్ట్రిక్ బండి అయితే చలికి రేంజ్ బాగా తగ్గుతుంది, ఛార్జింగ్ చోట్లు ముందే చూసుకోండి. రాత్రి ఆరుబయట పార్క్ చేస్తే వైపర్లు ఎత్తి పెట్టండి. తడి మంచులో నడిపొచ్చాక సమతలం మీద నిలిపితే హ్యాండ్ బ్రేకు బదులు గేర్లోనో, పార్క్‌లోనో వదిలేయడం మేలు, లేకపోతే పొద్దున్నకి బ్రేకు అతుక్కుని కూర్చుంటుంది.

కౌంటర్లో చెప్పిన టైర్లు లేవు. ఏం చేయాలి?

బండి బయటికి తీయకముందే తేల్చుకోండి. టైరు ఫోటో, బుకింగ్ ఈమెయిల్ రెండూ చూపించి వేరే బండి అడగండి. చిన్న తరగతి బండికి వింటర్ టైర్లున్నా తీసేసుకోండి, సూట్‌కేసు ఒకటి ఒళ్లో పెట్టుకున్నా ఫర్వాలేదు. ఏదీ లేదంటే అదనంగా తీసుకున్న డబ్బు వెనక్కి ఇమ్మని రాతపూర్వకంగా అడిగి, ఆ బండితో కొండ కింద ఊరి దాకానే వెళ్లి, పైకి బస్సెక్కండి. ఒకసారి నేను అలాగే చేశాను. ఆ బస్సు చక్రాలకు చైన్లున్నాయి, డ్రైవర్ పాటలు పెట్టుకుని హాయిగా నడిపాడు, నేను కిటికీలోంచి లోయ చూసింది ఆ ఒక్కసారే.